గోల్కొండ సుల్తానులు, తెలుగు ప్రజలు: శిస్తు, గుడి, దర్బారు గురించి ఒక చర్చ

శాసనప్రియ:

గోల్కొండ కుతుబ్‌షాహీల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మన వేదికలో చర్చ రెండు పాయలుగా చీలిపోతోంది. కొందరు మల్కిభరాముడి (ఇబ్రహీం కుతుబ్‌షాకు తెలుగు కవులు పెట్టుకున్న పేరు) ఆస్థానాన్నీ తెలుగు కవులనూ తలచుకుని అది మతసామరస్యానికి స్వర్ణయుగమని అంటున్నారు. మరికొందరు అహోబిలం ఆలయ దోపిడీని తలచుకుని అది పరాయి పాలన తప్ప మరొకటి కాదంటున్నారు. 1518 నుంచి 1687 వరకు సాగిన రాజ్యాన్ని ఇలా ఒక్కొక్క ఉదాహరణతో తేల్చేయడం నాకు తృప్తినివ్వడం లేదు.

నా ప్రశ్న ఇది. ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తుర్క్‌మన్ వంశీయుడు సుల్తాన్ కులీ. అతడు బహమనీల కొలువులో ఎదిగి తెలంగాణకు అధికారి అయ్యాడు, ఆ రాజ్యం కూలిపోతున్న కాలంలో గోల్కొండలో స్థిరపడ్డాడు. అతని వారసులు షియా మతస్థులు, దర్బారు భాష పారసీ. వారి ప్రజల్లో అత్యధికులు హిందువులు, మాట్లాడేది తెలుగు. అంత కొద్దిమంది పాలకులు అంతమంది ప్రజలను ఎవరి చేతుల మీదుగా పాలించారు? ఆ చేతులు ఎవరివో తెలిస్తే మిగతా ప్రశ్నలకు సమాధానాలు వాటంతట అవే వస్తాయని నా నమ్మకం. దయచేసి ఎవరూ నేటి రాజకీయాలను ఇందులోకి తీసుకురావద్దని ప్రార్థన.

కృష్ణాతీరం:

మంచి ప్రశ్న వేశారు. ఇబ్రహీం కుతుబ్‌షాతో మొదలుపెడతాను. ఆయన మీద నాకున్న గౌరవాన్ని దాచుకోను.

1543లో జంషీద్ తండ్రిని చంపించి గద్దెనెక్కాడు. తమ్ముడైన ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరానికి వెళ్లి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. అక్కడే తెలుగు కవిత్వపు రుచి తెలిసిందంటారు. 1550లో తిరిగి వచ్చి రాజైనప్పుడు అతన్ని గద్దెనెక్కించడంలో ముందు నిలిచినవారు కోటల కాపలా చూసే తెలుగు నాయక్వాడీలు, వారి నాయకుడు జగదేవరావు. తురుష్క రాజును తెలుగు సైనికులు పట్టుబట్టి రాజును చేసుకున్న సందర్భం ఇది.

అతని కాలంలో అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవి అతని ఆదరణ పొందాడు. పటాన్‌చెరువు ప్రాంతాన్ని ఏలిన అమీన్‌ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రను అంకితమిచ్చాడు. అచ్చతెలుగు కావ్యాల్లో మొదటిదిగా పేరుపడిన కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిం సర్దారు కావడం చిన్న విషయం కాదు. కృతి పుచ్చుకోవడమంటే కేవలం బహుమతి ఇచ్చి పంపేయడం కాదు. కవి తన కృతిభర్త వంశాన్ని వర్ణిస్తాడు, పాత రాజులకు పలికిన స్తుతిని అతనికీ పలుకుతాడు. ఆ గౌరవాన్ని ఆ సర్దారులు కోరుకున్నారు. ఈ నేల రాజుల వరుసలో తామూ ఒకరమని అనిపించుకోవాలని ఆశపడ్డారు.

నల్లమల:

కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన కవుల పేర్లలో ఒక్కదానికీ నాకు అభ్యంతరం లేదు. అయితే మాది అహోబిలం దగ్గరి ఊరు కాబట్టి, ఆ ఇబ్రహీం కాలంలోనే జరిగిన సంగతి చెప్పకుండా ఉండలేను.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో తనకు అన్నం పెట్టిన రామరాయలకు ఎదురుగా ఇబ్రహీం నిలబడ్డాడు. ఆ తరువాత గోల్కొండ సేనలు కృష్ణ దాటి దక్షిణానికి వచ్చాయి. 1579 ప్రాంతంలో అహోబిలం ఆలయం దోపిడీకి గురైంది. కెంపులు పొదిగిన అమూల్యమైన విగ్రహాన్ని గోల్కొండకు తరలించి సుల్తానుకు సమర్పించారు. ఆ కాలానికి నరసింహస్వామి ఆలయం కేవలం ఊరి గుడి కాదు, విజయనగర రాజుల ఆరాధన పొందిన క్షేత్రం. దానిని కొల్లగొట్టడమంటే ఆ రాజుల ప్రతిష్ఠను కొల్లగొట్టడమే.

ఇక్కడ చాలామంది చెప్పకుండా వదిలేసే అంశం ఒకటుంది. ఆ సేనకు నాయకత్వం వహించినవాడు మురహరిరావు అనే మరాఠా బ్రాహ్మణుడు. ఈ మాట చెప్పి సుల్తాను మీది బాధ్యతను తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు. సేన సుల్తానుది, కొల్లసొమ్ము చేరింది సుల్తాను ఖజానాకు. ఆ నిర్ణయంలో రాజ్యవిస్తరణ ఎంత, ధనాశ ఎంత, మతం ఎంత అన్నది ఈ ఒక్క పేరుతో తేలదు. కానీ హిందూ సేనాని చేతుల మీదుగా హిందూ ఆలయం కొల్లబోయిందన్న నిజాన్ని, అది ఏ వాదానికి ఇబ్బంది కలిగించినా సరే, మనం ఒప్పుకోవాలి.

పాతనగరం:

నల్లమల గారు చెప్పిన దానిలో నాకు ముఖ్యమనిపించింది స్థలం. గోల్కొండ సేనలు శత్రురాజ్యంలోకి వెళ్లినప్పుడు చేసిన పని వేరు, తమ ఏలుబడిలో ఉన్న ఊళ్లలో చేసిన పని వేరు. దండయాత్రలో ఆలయం శత్రువు సొత్తు. అదే ప్రాంతం తమ స్వాధీనమయ్యాక అక్కడి ఆలయం, దాని మాన్యాలు, దానికి వచ్చే జనం అన్నీ తమ శిస్తు లెక్కల్లోకి వస్తాయి. స్వాధీనంలో ఉన్నవాటిని పాడుచేసుకోవడం వల్ల సుల్తానుకు వచ్చే లాభం లేదు. దక్కను రాజ్యాల చరిత్ర అంతటా ఈ తేడా కనిపిస్తుంది.

నల్లమల:

పాతనగరం గారూ, ఆ తేడా ఉన్న మాట నిజమే. అయినా దెబ్బ తిన్న ఊరివాళ్లకు ఆ తేడా ఓదార్పు కాదు. మరో ఉదాహరణ చూడండి. 1640ల తరువాత మీర్ జుమ్లా మహమ్మద్ సయ్యద్ గోల్కొండ తరఫున కర్ణాటక మీదికి వెళ్లి, పెమ్మసాని నాయకుల చేతిలోని గండికోటను 1650 ప్రాంతంలో గెలిచాడు. ఇతడు ఇరాన్ నుంచి వజ్రాల వ్యాపారం మీద వచ్చి మంత్రిస్థాయికి ఎదిగినవాడు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గండికోటకు వెళ్లి అతన్ని స్వయంగా కలిశాడు. చుట్టుపక్కల ఆలయాల రాగి విగ్రహాలను తెప్పించి, ఒక ఫ్రెంచి ఫిరంగిదారు చేత ఫిరంగులు పోయించబోయిన వైనాన్ని తావెర్నియే రాశాడు. గండికోట ఆలయంలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదని, చివరికి ఆ పని నెరవేరలేదని అతని కథనం. కరగకపోవడం సంగతి ఎలా ఉన్నా, ఊరూరి దేవుళ్లను ఫిరంగి లోహంగా లెక్కపెట్టిన మనస్తత్వం అందులో స్పష్టంగా ఉంది. అది కూడా గోల్కొండ చరిత్రే.

జమాబందీ:

శాసనప్రియ గారు అడిగింది పాలన ఎవరి చేతుల మీదుగా సాగిందని. దానికి సమాధానం కావ్యాల్లోనూ దండయాత్రల్లోనూ కన్నా శిస్తు వసూలులో ఎక్కువగా దొరుకుతుంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గోల్కొండ రాజ్యంలో, ముఖ్యంగా 17వ శతాబ్దంలో, చాలా ప్రాంతాల పాలనను గుత్తకు ఇచ్చేవారు. దీన్నే ఇజారా అనేవారు. ఒక ప్రాంతం మీద ఏటా ఇంత సొమ్ము ఖజానాకు కడతానని ఎవరు ఎక్కువ పాట పాడితే అధికారం వారిది. అతడు దాన్ని ముక్కలు చేసి కింది గుత్తదారులకు ఇచ్చేవాడు, వాళ్లు మళ్లీ ఊళ్ల మీద పడేవాళ్లు. తనది ఈ ఏడాదికే అనుకున్న గుత్తదారుకు వచ్చే ఏడాది రైతు బతికి ఉంటాడా, పారిపోతాడా అన్న చింత ఎందుకుంటుంది? పాటలో ఒప్పుకున్న సొమ్ము పైన ఎంత రాబట్టుకుంటే అంత అతని లాభం.

1618 నుంచి కొన్నేళ్లు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్వోల్డ్ ఈ పద్ధతిని కళ్లారా చూసి రాశాడు. ఒప్పుకున్న సొమ్ము పూర్తిగా కట్టలేకపోయిన మచిలీపట్నం అధికారి ఒకరిని వీపు మీద, పొట్ట మీద, అరికాళ్ల మీద బెత్తాలతో కొట్టగా అతడు ప్రాణాలు వదిలాడని అతని రచనలో ఉంది. సొమ్ము తక్కువైతే అధికారికే ఆ గతి పట్టినప్పుడు, ఆ సొమ్మును పుట్టించవలసిన ఊళ్ల మీద అతడు ఎంత ఒత్తిడి పెట్టి ఉంటాడో ఊహించవచ్చు.

ఇదే మెత్వోల్డ్ మరోచోట, ఈ రాజ్యంలో మతానికి స్వేచ్ఛ ఉంది, ఎవరి మనస్సాక్షినీ ఆచారాల పేరుతో నిర్బంధించరు అనే అర్థం వచ్చేట్టు రాశాడు. ఈ రెండు మాటలూ ఒకే మనిషివి, ఒకే కాలానివి. నా మటుకు నాకు గోల్కొండ రాజ్యస్వభావం ఈ రెండు మాటలను కలిపి చదివినప్పుడే అర్థమైంది. నీ గుడికి నువ్వు వెళ్లవచ్చు, నీ పండుగ నువ్వు చేసుకోవచ్చు, శిస్తు మాత్రం చివరి వరహా దాకా కట్టాలి.

ఇక ఆ వసూలు యంత్రాంగంలో ఉన్నవాళ్లు ఎవరు? ఊరిలో లెక్క రాసేది కరణం. పైన, కొన్ని ఊళ్ల సముదాయానికి లెక్కలు చూసే దేశపాండ్యాలు, వసూలు చూసే దేశముఖులు. వీళ్లు వంశపారంపర్యంగా వచ్చినవాళ్లు, దాదాపు అందరూ హిందువులు. నియోగి బ్రాహ్మణులు లెక్కల కచేరీల్లో ఆరితేరారు. కాకతీయుల కాలం నుంచీ ఊరి లెక్క తెలుగులోనే నడిచింది కాబట్టి, పారసీ తెలిసిన సర్దారు ఎంతటివాడైనా ఆ కవిలె కట్ట (లెక్కల పుస్తకం) విప్పి చదవలేడు. అందువల్లనే కుతుబ్‌షాహీ ఫర్మానాల్లో పారసీతో పాటు తెలుగు పాఠం కూడా రాసినవి ఉన్నాయి. ఒకే కాగితం మీద పైన సుల్తాను ముద్ర, పారసీ రాత, దానితోపాటు తెలుగు రాత. సుల్తాను ఆజ్ఞ ఊరికి చేరాలంటే ఆ తెలుగు రాత కావాలి, దాన్ని చదివి అమలు జరిపే కరణం కావాలి. ఈ అవసరమే ఆ రాజ్యానికి పునాది. ఉదారత ఉన్నా లేకపోయినా ఈ అవసరం ఉంది.

కృష్ణాతీరం:

జమాబందీ గారూ, మీ వివరణకు కృతజ్ఞతలు. కానీ అవసరం అనే ఒక్క మాటతో అన్నింటినీ వివరిస్తే కొంత మిగిలిపోతుంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా తన దక్కనీ కవిత్వంలో వసంతోత్సవం మీద పాటలు రాసింది ఏ శిస్తు కోసం? 1591లో హైదరాబాదు కట్టించినవాడు ఈ నేల ఋతువులను, ఈ నేల స్త్రీల అలంకారాలను, ఇక్కడి పండుగలను తన పద్యాల్లోకి తెచ్చుకున్నాడు. రెండు మూడు తరాలు ఒకచోట పుట్టి పెరిగినవాళ్లు పరాయివాళ్లుగా మిగిలిపోరు.

పాతనగరం:

దానికి మరో వైపు కూడా చూడండి. మొహర్రం సంతాపం జరుపుకునే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా అదే మహమ్మద్ కులీ కాలంలో వెలసింది. సుల్తానుల షియా ఆచారంగా మొదలైన మొహర్రం, పల్లెలకు చేరేసరికి పీర్ల పండుగ అయింది. తెలంగాణ పల్లెల్లో ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని చోట కూడా పీర్లను నిలబెట్టి, గుండం తవ్వి, ఆడిన ఊళ్లు ఉన్నాయి. దీన్ని ఎవరూ ఫర్మానా ఇచ్చి చేయించలేదు. రాజుల మతం ప్రజల మతాన్ని మార్చకుండానే వారి పండుగల వరుసలో చోటు సంపాదించుకున్న తీరు ఇది.

ఓరుగల్లు:

ఈ చర్చలో ఇంకా రావలసిన పేర్లు అక్కన్న, మాదన్న. మా హనుమకొండకు చెందిన బ్రాహ్మణ కుటుంబం వారిది. లెక్కల కచేరీలో చిన్న ఉద్యోగంతో మొదలై, 1672లో అబుల్ హసన్ తానాషా రాజైన తరువాత మాదన్న మజుందారు (రాజ్యాదాయ లెక్కల అధికారి) అయ్యాడు. రెండేళ్లు గడిచేసరికి రాజ్యంలో సుల్తాను తరువాతి స్థానం అతనిదే. అన్న అక్కన్నకూ, మేనల్లుళ్లకూ పెద్ద పదవులు వచ్చాయి. అంతకుముందు కూడా బ్రాహ్మణ అధికారులు ఉన్నారు, కానీ వారు లెక్కల దగ్గరే ఆగిపోయేవారు. మంత్రిపదవులు, సేనానాయకత్వం ఎక్కువగా ఇరాన్ నుంచి వచ్చినవాళ్లవి. ఆ హద్దును దాటినవాడు మాదన్న.

అతడు చేసిన పనుల్లో ముఖ్యమైనది గుత్తదారులుగా పాతుకుపోయిన పారసీక సర్దారుల పట్టును తగ్గించి, తనవారిని వసూలు బాధ్యతల్లో పెట్టడం. ఖజానాకు రాబడి సరిగ్గా వచ్చింది. కోల్పోయినవాళ్లు పగబట్టారు. మచిలీపట్నంలో ఉన్న డచ్చి ఉద్యోగి దానియేల్ హావార్త్ తరువాత 1693లో అచ్చువేసిన పుస్తకంలో ఈ అన్నదమ్ముల గురించి రాశాడు. వర్తక కంపెనీల వాళ్లకు మాదన్న గిట్టేవాడు కాదు, కాబట్టి వారి రాతలను కొంత జాగ్రత్తగా చదవాలి.

1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు జరిగిన ఒప్పందం వెనుక ఉన్నదీ మాదన్నే. మొగలులను ఆపాలంటే మరాఠాలతో చేయి కలపాలన్నది అతని లెక్క. అది రాజనీతి. తానాషాకూ అదే మేలు, కనుకనే ఒప్పుకున్నాడు. అయితే ఔరంగజేబుకు అది గొప్ప సాకు దొరికినట్టయింది. రాజ్యభారాన్ని అవిశ్వాసి చేతిలో పెట్టాడు, శంభాజీకి ధనం పంపాడు అన్నవి తానాషా మీద అతడు మోపిన నేరాల్లో ముఖ్యమైనవి.

1685లో మొగలు సేన హైదరాబాదును ఆక్రమించి దోచుకుంది. తానాషా కోటలోకి వెళ్లి తలదాచుకున్నాడు. 1686 మార్చిలో, దర్బారు నుంచి ఇంటికి వెళుతున్న అన్నదమ్ములను గోల్కొండ వీధిలో చుట్టుముట్టి చంపారు. కుట్రలో అంతఃపుర స్త్రీల హస్తం ఉందని ఆ కాలపు రాతలు చెబుతాయి. తల నరికి మొగలు శిబిరానికి పంపారు. ఆ రాత్రి నగరంలో మరికొందరు బ్రాహ్మణుల ఇళ్లు కూడా దోపిడీకి గురయ్యాయి.

ఇందులో నాకు బాధ కలిగించేది ఒకటి. 12 ఏళ్లు ఆ రాజ్యాన్ని నడిపినవాడి ప్రాణాన్ని, మొగలులతో సంధి కుదురుతుందన్న ఆశకు బలి ఇచ్చారు. అయినా సంధి కుదరలేదు.

నల్లమల:

ఓరుగల్లు గారూ, ఇక్కడే నా అభిప్రాయం చెబుతాను. మాదన్న అంత ఎత్తుకు వెళ్లగలగడం ఆ రాజ్యం గొప్పతనమే, కాదనను. కానీ ముప్పు ముంచుకొచ్చినప్పుడు మొదట ఎవరి మీదికి వేలు వెళ్లిందో కూడా చూడాలి. రాబడి తెచ్చినన్నాళ్లూ అతడు మంత్రి, కష్టకాలంలో అతడు పరమతస్థుడు. మతం అన్ని రోజులూ ఒకే బరువుతో లేదు. అవసరం తీరినంతకాలం అది వెనక్కి వెళ్లి, ఆపద రాగానే ముందుకొచ్చింది. మతసామరస్యమని పొగిడేవాళ్లు ఈ 1686 రాత్రిని కూడా కలుపుకునే మాట్లాడాలి.

కృష్ణాతీరం:

ఆ మాట అంగీకరిస్తాను. మరి భక్త రామదాసు సంగతి? కంచర్ల గోపన్న ఈ అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించినందుకు తానాషా ఆయనను గోల్కొండ చెరసాలలో వేశాడు. ఇది మతద్వేషమనే చాలామంది అనుకుంటారు.

జమాబందీ:

కృష్ణాతీరం గారూ, దాన్ని శిస్తు కోణం నుంచి చూడండి. తహసీల్దారు ఖజానాకు జమ కట్టవలసిన సొమ్మును మరో పనికి ఖర్చు పెట్టాడు. ఆ పని గుడి కాక మసీదైనా, చెరువైనా, ఆ రాజ్యంలో బాకీ పడ్డ అధికారికి జరిగేది అదే. పైన మచిలీపట్నం అధికారికి ఏమైందో రాశాను. రామదాసు కీర్తనల్లో ఉన్న ఆక్రోశం కూడా చాలావరకు పైకం గురించే. సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి ఎంతైందో, లక్ష్మణుడికి చేయించిన ముత్యాల పతకానికి ఎంతైందో రాముడికే లెక్క చెప్పి నిలదీసిన భక్తుడు ఆయన. దెబ్బలు తినలేక రాముణ్ణి తిట్టి, మళ్లీ తానే క్షమించమన్నాడు. ఆ దెబ్బల బాధ నిజం, దాన్ని తగ్గించి చెప్పలేం.

రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారన్నది జనం నమ్మే కథ. అందులో తానాషా దుర్మార్గుడిగా మిగిలిపోడు. దైవదర్శనం దొరికిన అదృష్టవంతుడిగా మారతాడు. రామదాసుకు ఆ దర్శనం దక్కదు. ప్రజలు తమ రాజును తలచుకున్న తీరు ఈ కథలో ఉంది. శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణంలో ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారానికి తానాషాయే ఆద్యుడని సంప్రదాయం చెబుతుంది. ఆ ఆచారం నిజాముల కాలంలోనూ సాగింది, ఇప్పుడూ సాగుతోంది.

శాసనప్రియ:

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటివరకు చెప్పినదాన్ని బట్టి, లెక్కలు రాసే తెలుగు చేతులు, కోట కాచే తెలుగు చేతులు లేకుండా గోల్కొండ నిలవలేదన్నది తేలింది. అయితే దీన్ని పోల్చి చూసుకోవడానికి మనకు పక్కనే ఒక ఉదాహరణ ఉంది. 1687లో అదే తెలుగు నేల మీదికి మరో ముస్లిం సామ్రాజ్యం వచ్చింది. ప్రజలు వాళ్లే, ఊళ్లు అవే, పాలకులు మారారు. అప్పుడు ఏం మారింది?

ఓరుగల్లు:

సుమారు ఎనిమిది నెలల ముట్టడి తరువాత, 1687 సెప్టెంబరులో, కోటలోని ఒక అధికారి లంచం పుచ్చుకుని రాత్రివేళ దిడ్డి తలుపు తీయడంతో గోల్కొండ పడిపోయింది. గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో చివరిదాకా పోరాడాడు. తానాషాను దౌలతాబాదు కోటలో బంధించారు, ఆయన అక్కడే కన్నుమూశాడు.

మార్పు ముందుగా పైస్థాయిలో కనిపించింది. గోల్కొండ ముస్లిం సర్దారుల్లో చాలామందికి మొగలు మన్సబులు (కొలువులో హోదాలు) దొరికాయి. వారిని ఇతర ప్రాంతాలకు పంపారు. తెలుగు నాయకులకు మాత్రం ఆ కొలువులో చెప్పుకోదగ్గ చోటు దొరకలేదు. తరతరాలుగా కోటలు కాచినవాళ్లకు, సుల్తానును గద్దెనెక్కించిన వారి వారసులకు, రాజ్యంలో పాలు లేకుండా పోయింది. మాదన్న వంటి వ్యక్తి మళ్లీ హైదరాబాదులో అంత అధికారం చూడలేదు.

జమాబందీ:

దానికి శిస్తు సంగతి జోడిస్తాను. ఔరంగజేబు 1679లో తన సామ్రాజ్యంలో మళ్లీ విధించిన జిజియా పన్ను, గోల్కొండ పడిపోయాక ఇక్కడి హిందువుల మీదికీ వచ్చింది. అయితే ఊరి స్థాయిలో కరణాన్ని, దేశముఖును, దేశపాండ్యాను మొగలులు కూడా తీసివేయలేకపోయారు. ఆ కవిలె కట్టలు వారికీ అవసరమే. అందుకే కింది యంత్రాంగం అలాగే ఉండిపోయి, పైన దానికి సుల్తానుతో ఉన్న సంబంధం మాత్రం తెగిపోయింది. నా దృష్టిలో ఇదే అసలైన తేడా. గోల్కొండలో తెలుగు ఉద్యోగి ఎదగడానికి దారి ఇరుకుదైనా ఉంది. మొగలుల సుబాలో (రాష్ట్రంలో) ఆ దారి మూసుకుపోయింది, దాని పైన మతం పేరుతో విడిగా ఒక పన్ను పడింది.

ఆ తరువాతి కాలంలో జరిగినదాన్ని మతం కొలమానంతో మాత్రమే కొలవడం కుదరదు. 1700 తరువాత ఓరుగల్లు ప్రాంతంలో సర్వాయి పాపన్న లేచాడు. ఆయన కల్లుగీత కులంలో పుట్టి కోటలు కట్టినవాడు. 1708లో ఓరుగల్లు నగరం మీద పడి కొల్లగొట్టాడు. ఆయనను అణచడానికి మొగలు ఫౌజుదారులతో పాటు హిందూ జమీందారులు కూడా ముందుకొచ్చారు, ఎందుకంటే ఆయన దోచుకున్నవారిలో వాళ్లూ ఉన్నారు. పాపన్న వెంట నడిచినవారిలో హిందువులతో పాటు ముస్లింలూ ఉన్నారు. 1710లో ఆయనను పట్టుకుని చంపారు.

నల్లమల:

జమాబందీ గారూ, పాపన్న సంగతి విడిగా ఒక చర్చకు చాలినంత ఉంది. జమీందారులు మొగలుల పక్షం ఎందుకు చేరారో, ఏయే కోటలు ఎవరి చేతుల్లో ఉన్నాయో వివరంగా రాయగలిగితే కొత్త శీర్షిక కింద మొదలుపెట్టండి. కర్నూలు, కడప వైపు మొగలు పాలన ఎలా నడిచిందో, అక్కడి పాలెగాళ్లు శిస్తు ఎవరికి కట్టారో నేను అందులో రాస్తాను.